రాత్రివేళ చెమటలు: ఎప్పుడు ఊరుకోవచ్చు, ఎప్పుడు ఊరుకోకూడదు



"రాత్రిళ్ళు ఒళ్ళంతా చెమటలు పట్టి పక్క తడిసిపోతోందండీ" అనే మాట మా ఓ.పి.లో తరచుగా వింటూ ఉంటాము. అయితే ఆ మాట చెప్పడానికే ఆస్పత్రికి వచ్చేవారు చాలా తక్కువ. దగ్గు కోసమో, షుగరు పరీక్ష కోసమో, కోడలి కాన్పు కోసమో వచ్చి, మందుల చీటీ చేతిలో పట్టుకుని లేచేటప్పుడు, "అన్నట్టు సిస్టర్‌గారూ, ఇంకొక మాట" అంటూ చివరలో చెబుతారు. కొందరు అదీ చెప్పరు. చెమటే కదా, వేడి చేసింది కాబోలు అని మజ్జిగ తాగి ఊరుకుంటారు. మరికొందరు చెమట పట్టిన మొదటి రాత్రికే ఏదో పెద్ద జబ్బు వచ్చిందని బెంగ పెట్టుకుంటారు.

ఈ రెండూ సరికావు. రాత్రి చెమటలు తమంతట తాముగా ఒక జబ్బు కావు. అవి ఒక సూచన మాత్రమే. ఆ సూచన దేని గురించో తెలియాలంటే చెమటను ఒక్కదాన్నే చూస్తే చాలదు. దానితోపాటు జ్వరం ఉందా, దగ్గు ఉందా, బరువు తగ్గుతున్నారా, ఏ మందులు వాడుతున్నారు, వయసెంత అన్నవి కూడా చూడాలి. వాటినే ఒక్కొక్కటిగా వివరిస్తాము.

చెమట ఎందుకు పడుతుంది?

మన చర్మంలో 20 నుండి 40 లక్షల వరకు స్వేదగ్రంథులు ఉంటాయి. శరీరం వేడెక్కినప్పుడు ఇవి చెమటను బయటకు పంపుతాయి. ఆ చెమట ఆరేటప్పుడు ఒంట్లోని వేడిని తీసుకుపోతుంది. కుండలో నీళ్ళు చల్లబడేదీ ఇలాగే. ఎంత వేడి ఉండాలో నిర్ణయించే కేంద్రం మెదడులో ఉంటుంది. మామూలుగా రాత్రి నిద్రలో మన ఒంటి వేడి కొంచెం తగ్గి, తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. కాబట్టి గది చల్లగా ఉన్నా, దుప్పటి లేకున్నా, లేచి బట్టలు మార్చుకోవలసినంతగా చెమట పడుతున్నదంటే దానికి కారణం వెతకాలి. మెడ దగ్గర కాస్త తేమ, దిండు మీద చిన్న తడి మాత్రమే అయితే అంతగా కంగారు పడనక్కరలేదు.

ముందుగా గదిని, పక్కను చూడండి

మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో చెమట పట్టకపోతేనే ఆశ్చర్యపడాలి. రేకుల ఇళ్ళు, సిమెంటు శ్లాబులు పగలంతా ఎండను పీల్చుకుని రాత్రి పన్నెండు దాటినా వేడిని వదులుతూనే ఉంటాయి. దోమల భయంతో కిటికీలన్నీ మూసేస్తాము. ఫోము పరుపు మీద రెక్సిన్ కవరు, ప్లాస్టిక్ చాప, పాలిస్టర్ చీర లేక నైటీ, ఇవేవీ చెమటను ఆరనివ్వవు. పైగా కరెంటు పోతే చెప్పనక్కరలేదు.

ఒక వారం రోజులు ఇలా చేసి చూడండి. నూలు బట్టలు కట్టుకోండి. పరుపు మీద నూలు దుప్పటి పరవండి. దోమతెర కట్టుకుని కిటికీలు తెరిచి పెట్టండి. రాత్రి భోజనం పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే ముగించి, ఆ పూటకు పచ్చళ్ళు, కారాలు తగ్గించండి. ఇంతమాత్రంతో చెమటలు పోతే గదిదే తప్పు, మీ ఒంటిది కాదు. ఒకే గదిలో పడుకున్న మిగతావారికి ఏమీ లేక, మీ ఒక్కరికే పక్క తడుస్తుంటే మాత్రం ఇంకా చదవండి.

నెలసరి ఆగిపోయే వయసులో

నలభై అయిదు దాటిన స్త్రీలలో రాత్రి చెమటలకు ఎక్కువగా కనిపించే కారణం ఇదే. మన దేశంలో స్త్రీలకు సగటున 46, 47 ఏళ్ళకు నెలసరి పూర్తిగా ఆగిపోతుంది. దానికి కొన్నేళ్ళ ముందునుండే ఈస్ట్రోజెన్ అనే హార్మోను హెచ్చుతగ్గులవుతూ క్రమంగా తగ్గుతుంది. అప్పుడు మెదడులోని ఉష్ణకేంద్రం చిన్న మార్పును కూడా ఓర్చుకోలేదు. ఒంటి వేడి రవ్వంత పెరిగినా, పెద్ద ఎండ తగిలినట్లు భావించి చెమటలు పట్టిస్తుంది. రొమ్ము మీద మొదలైన వేడి ఆవిరి మెడకు, ముఖానికి పాకుతుంది. గుండె దడదడలాడుతుంది. కొద్ది నిమిషాల్లో తడిసి ముద్దయి, ఆ వెంటనే చలి వేస్తుంది. ఇది ఒకే రాత్రిలో రెండు మూడుసార్లు కూడా రావచ్చు.

గర్భసంచి ఆపరేషన్ చేయించుకున్నవారి విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ఈ ఆపరేషన్లు మన రాష్ట్రాల్లో చాలా ఎక్కువ. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో సుమారు 9 శాతం మంది, తెలంగాణలో సుమారు 8 శాతం మంది గర్భసంచి తీయించుకున్నట్లు తేలింది. దేశం మొత్తం మీద ఇది సుమారు 3 శాతమే. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసివేస్తే హార్మోను ఒక్కసారిగా పడిపోతుంది. ముప్ఫై అయిదేళ్ళ వయసులో కూడా చెమటలు, నిద్రలేమి, చిరాకు వస్తాయి. "నా వయసుకు ఇదేమిటి?" అని ఆమె అనుకుంటుంది. ఇంట్లో వాళ్ళు కోపిష్టిదైపోయిందని అనుకుంటారు. మీ ఆపరేషన్ కాగితాల్లో అండాశయాలు తీశారా లేదా అన్నది రాసి ఉంటుంది. ఆ కాగితాలు పారేయకుండా దాచుకుని, వచ్చేటప్పుడు తీసుకురండి.

ఈ చెమటలు కొందరికి ఏడాది రెండేళ్ళలో తగ్గుతాయి. కొందరికి ఏడేళ్ళు, అంతకంటే ఎక్కువ కాలం కూడా ఉంటాయి. కొంచెం బాధ అయితే ఇంటి జాగ్రత్తలతో సరిపోతుంది. బరువు ఎక్కువగా ఉన్నవారు తగ్గితే కొంత మేలు. నిద్ర లేక పగటి పని కూడా చేసుకోలేకపోతుంటే ఓర్చుకుంటూ కూర్చోవద్దు. దీనికి చికిత్స ఉంది. హార్మోన్ మందులు బాగా పనిచేస్తాయి. అయితే రొమ్ము కేన్సర్, గుండెపోటు, పక్షవాతం, రక్తం గడ్డకట్టే జబ్బు వచ్చినవారికి వీటిని సాధారణంగా ఇవ్వరు. అటువంటివారికి హార్మోను లేని వేరే మందులు ఉన్నాయి. ఏది ఎవరికి అన్నది డాక్టరుగారు పరీక్ష చేసి చెప్పాలే గాని, పక్కింటావిడ వాడిన బిళ్ళలు మీరు వాడకూడదు.

ఒక హెచ్చరిక. నెలసరి ఆగిపోయి పన్నెండు నెలలు దాటాక మళ్ళీ ఒక్క చుక్క రక్తం కనిపించినా వెంటనే చూపించుకోవాలి. ఈ వయసులో జ్వరం, దగ్గు, బరువు తగ్గడం కూడా ఉంటే "అన్నీ ముట్లుడిగే బాధలే" అని సరిపెట్టుకోకూడదు.

బాలింతలకు

కాన్పు అయిన మొదటి రెండు మూడు వారాల్లో రాత్రిళ్ళు చెమటలు పట్టడం సహజం. గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో చేరిన అదనపు నీరు ఇలా కొంత బయటకు పోతుంది. హార్మోన్లు కూడా ఒక్కసారిగా తగ్గుతాయి. కానీ మన ఇళ్ళల్లో బాలింతకు గాలి తగలకూడదని తలుపులు బిగించి, చెవుల్లో దూది పెట్టి, రగ్గు కప్పి, మంచినీళ్ళు కూడా కొలిచి ఇస్తారు. పెద్దవాళ్ళు ప్రేమతోనే చేస్తారు, కాదనము. కానీ చెమట పోస్తున్న మనిషికి నీళ్ళు తగ్గిస్తే ఆమె నీరసించిపోతుంది. కాచి చల్లార్చిన నీళ్ళు అడిగినన్ని ఇవ్వండి, గది తలుపు తీసి ఉంచండి.

అయితే బాలింతకు చెమటతో పాటు జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ గాని అంతకంటే ఎక్కువ గాని ఉంటే, చలి పుడుతుంటే, మైల దుర్వాసన వస్తుంటే, రొమ్ము ఎర్రబడి గట్టిపడితే, కుట్ల దగ్గర చీము వస్తే అది సహజం కాదు. అది రాత్రయినా సరే, ఆ పూటే ఆస్పత్రికి తీసుకురావాలి.

దగ్గు, సాయంకాలపు జ్వరం, రాత్రి చెమట

ఈ మూడూ ఒకచోట కలిస్తే మేము మొదట అడిగే ప్రశ్న క్షయ గురించే. రెండు వారాలు లేక అంతకు మించిన దగ్గు, సాయంత్రం అయ్యేసరికి వెచ్చబడటం, ఆకలి మందగించడం, బట్టలు వదులయ్యేలా బరువు తగ్గడం, రాత్రి చెమటలు, ఒక్కోసారి కళ్ళెలో రక్తపు జీర, ఇవి ఊపిరితిత్తుల క్షయ లక్షణాలు. క్షయ క్రిములతో పోరాడేటప్పుడు మన శరీరం తయారుచేసే రసాయనాలు సాయంత్రం ఒంటి వేడిని పెంచుతాయి. ఆ జ్వరం రాత్రి దిగేటప్పుడు చెమట రూపంలో దిగుతుంది. అందుకే పొద్దున్నకు ఒళ్ళు చల్లగా ఉండి, జ్వరమే లేదనిపిస్తుంది. జ్వరం ఉదయం మాత్రమే చూసుకుంటే మోసపోతారు. సాయంత్రం అయిదు, ఆరు గంటలకు థర్మామీటరు పెట్టి చూడండి.

క్షయ ఊపిరితిత్తులకే కాదు, మెడలోని గ్రంథులకు, వెన్నుపూసకు, పొట్టకు, గర్భసంచికి కూడా రావచ్చు. అప్పుడు దగ్గు ఉండకపోవచ్చు. చెమట, జ్వరం, బరువు తగ్గడం మాత్రం ఉంటాయి.

పరీక్ష కష్టమేమీ కాదు. కళ్ళె, అంటే తెమడ, రెండుసార్లు ఇవ్వాలి. ఒకటి వచ్చిన వెంటనే, రెండవది మర్నాడు పొద్దున్నే లేచాక. మొదట నీళ్ళతో నోరు పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి, లోపలినుండి దగ్గి ఇవ్వాలి. ఉమ్మి ఇస్తే లాభం లేదు. డబ్బా ఇచ్చేటప్పుడు మా సిస్టర్లు చూపిస్తారు, సిగ్గుపడకుండా అడగండి. ఇప్పుడు క్రిమిని, అది ముఖ్యమైన మందుకు లొంగుతుందా లేదా అన్నదాన్ని కూడా కొద్ది గంటల్లో చెప్పే యంత్రాలు ప్రభుత్వ కేంద్రాల్లో ఉన్నాయి. ఎక్స్‌రే కూడా తీస్తారు. క్షయ అని తేలితే పరీక్షలు, మందులు ప్రభుత్వం ద్వారా పూర్తిగా ఉచితం.

మామూలు క్షయకు చికిత్స ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు కలిసిన మాత్రలు, తరువాత నాలుగు నెలలు మూడు రకాలవి ప్రతిరోజూ వేసుకోవాలి. మందు మొదలుపెట్టాక మూత్రం నారింజ రంగుగా వస్తుంది. చెమట, కన్నీళ్ళు కూడా అలాగే ఉండి, తెల్ల బట్టలకు మరక పడవచ్చు. అది రిఫాంపిసిన్ అనే మందు రంగు. రక్తం కాదు, భయపడకండి. కానీ కళ్ళు పచ్చబడితే, వాంతులు ఆగకపోతే, చూపు మసకబడితే వెంటనే చెప్పాలి. కొన్ని వారాల్లోనే చెమటలు, జ్వరం తగ్గి ఆకలి పుడుతుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. చెమట ఆగింది, ఒళ్ళు తేరుకుంది, పనికి పోతున్నాను, ఇక మందులెందుకని మూడో నెలలో మానేస్తారు. క్రిములు ఇంకా లోపల ఉంటాయి. అవి మళ్ళీ లేచేసరికి మామూలు మందులకు లొంగని మొండి క్షయ కావచ్చు.

తిండికి సహాయంగా నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 నుండి రోగి బ్యాంకు ఖాతాలో నెలకు 500 రూపాయలు వేసేవారు. 2024 నవంబరు నుండి దానిని 1000 రూపాయలకు పెంచారు. ఖాతా వివరాలు ఇవ్వడం మరచిపోవద్దు. ఆ డబ్బును గుడ్లకు, పాలకు, పప్పుకు వాడండి.

దాచిపెట్టడం గురించి ఒక మాట. పెళ్ళి కావలసిన ఆడపిల్లకు సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు వస్తున్నా, "క్షయ అని నలుగురికీ తెలిస్తే సంబంధాలు రావు" అని తల్లిదండ్రులు నెలల తరబడి దగ్గు మందు సీసాలతో నెట్టుకురావడం మేము చూస్తున్నాము. చివరకు ఆ పిల్లను ఎత్తుకుని తీసుకురావలసి వస్తుంది. ఈలోగా ఇంట్లో చిన్నపిల్లలకు, ముసలివారికి కూడా అంటుతుంది. ఆరు నెలల్లో పూర్తిగా నయమై పెళ్ళి చేసుకుని పిల్లల్ని కనగలిగే జబ్బును మన భయం ప్రాణం మీదికి తెస్తున్నది.

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో కొన్ని మిషన్లు కలిసి 1915లో క్షయ శానటోరియం స్థాపించిన రోజుల్లో ఈ జబ్బుకు మందులే లేవు. మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం, ఇవే చికిత్స. నెలలు, ఏళ్ళ తరబడి రోగులు ఇల్లు వదిలి అక్కడ ఉండేవారు. మందులు వచ్చాక, 1956లో మద్రాసులో మొదలైన ఒక అధ్యయనం ఇంట్లో ఉండి మందులు వాడినవారికి శానటోరియంలో ఉన్నవారికి దాదాపు సమానంగానే నయమవుతుందని, మందులు వాడుతూ ఇంట్లో ఉన్నందువల్ల కుటుంబానికి అదనపు ముప్పు లేదని చూపించింది. కాబట్టి రోగిని పశువుల పాకలో పడుకోబెట్టడం, కంచం, గ్లాసు వేరుచేయడం అవసరం లేదు. ఈ జబ్బు గాలి ద్వారా వస్తుంది, కంచం ద్వారా కాదు. దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోవడం, కిటికీలు తెరవడం, మొదటి రోజునుండే మందు తప్పకుండా వేసుకోవడం ముఖ్యం. ఇంట్లో ఉన్న అందరినీ, పిల్లలతో సహా, పరీక్షకు తీసుకురండి. జబ్బు లేనివారికి అది రాకుండా కూడా మందు ఇస్తారు.

షుగరు ఉన్నవారికి చెమట పడితే

ఇది వారాల తరబడి ఆలోచించే సంగతి కాదు, నిమిషాల మీద చేయవలసిన పని. ఇన్సులిన్ తీసుకునేవారికి, గ్లైబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు వాడేవారికి రాత్రి నిద్రలో రక్తంలో చక్కెర బాగా పడిపోవచ్చు. 70 మిల్లీగ్రాములకు తగ్గితే తక్కువ అన్నట్లే. అప్పుడు చల్లని చెమట, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి, తికమక మాటలు వస్తాయి. నిద్రలో ఉన్నవారికి ఇవి తెలియకపోవచ్చు. పీడకలలు, కలవరింతలు, తెల్లవారాక తలనొప్పి, తడిసిన బనియను, ఇవే ఆనవాళ్ళు.

ఎక్కువగా ఎవరికి వస్తుంది? మందు వేసుకుని భోజనం సరిగా చేయనివారికి, ఆరోజు పొలంలో మామూలుకంటే ఎక్కువ కష్టపడినవారికి, మద్యం తాగినవారికి, వయసు మళ్ళినవారికి, మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి. ఉపవాస ప్రార్థనల రోజుల్లో కూడా ఇటువంటివారిని తీసుకువస్తుంటారు. ఉపవాసం ఉండదలచిన షుగరు రోగులు ముందుగానే వచ్చి డాక్టరుగారిని అడగండి. మందు మోతాదు మార్చవలసి ఉంటుంది. కొందరికి ఉపవాసమే తగదు. అది విశ్వాసం తక్కువై కాదు, మందు గుణం అటువంటిది.

ఇలా చేయండి:

మనిషి తెలివిలో ఉండి మింగగలిగితే, మూడు చెంచాల పంచదారను నీళ్ళలో కలిపి వెంటనే తాగించండి. గ్లూకోజు పొడి ఉంటే అదైనా సరే. గ్లూకోమీటరు ఉంటే చూడండి, లేకపోతే దానికోసం ఆగవద్దు. పదిహేను నిమిషాల తరువాత తగ్గకపోతే మళ్ళీ అంతే ఇవ్వండి. తేరుకున్నాక రెండు ఇడ్లీలో, కాస్త అన్నమో, బిస్కెట్లో తినిపించండి.

తెలివి లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు. ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణాపాయం కలుగుతుంది. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోను చేయండి. షుగరు రోగి కదా అని ఆ స్థితిలో ఇన్సులిన్ ఇవ్వకండి.

మాత్రలవల్ల చక్కెర పడిపోయినవారికి, ఒకసారి తేరుకున్నా కొన్ని గంటల తరువాత మళ్ళీ పడిపోవచ్చు. అందుకని తగ్గిపోయిందిలే అనుకోకుండా ఆస్పత్రికి తీసుకురండి. ఇంకొక సంగతి. అటెనోలాల్, ప్రొప్రనోలాల్ వంటి బి.పి. మాత్రలు వాడేవారికి చక్కెర పడిపోయినప్పుడు గుండెదడ, వణుకు తెలియకపోవచ్చు. చెమట ఒక్కటే కనిపిస్తుంది. కనుక ఈ రెండు రకాల మందులూ వాడేవారి ఇంట్లో చెమటను తేలికగా తీసుకోకూడదు.

తక్కిన జ్వరాలు

వణికించే చలి, ఆ తరువాత తీవ్రమైన జ్వరం, చివరకు పక్క తడిసే చెమట, ఈ వరుసలో వస్తే మలేరియా అనుమానించాలి. మలేరియా దోమ ద్వారా వస్తుందనడానికి ఆధారాన్ని డాక్టర్ రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుగొన్నది మన సికిందరాబాదులోనే. ఏజన్సీ గ్రామాలకు వెళ్ళివచ్చినవారు ఆ సంగతి తప్పక చెప్పండి. రక్తపరీక్షతో తెలిసిపోతుంది.

పశువులను సాకేవారికి, పచ్చిపాలు తాగేవారికి, ఈనిన పశువు మాయను వట్టిచేతులతో తీసేవారికి బ్రూసెల్లోసిస్ అనే జబ్బు రావచ్చు. విడిచి విడిచి వచ్చే జ్వరం, చెమటలు, నడుము, కీళ్ళ నొప్పులు దీని గుర్తులు. పాలు కాచి తాగండి. మీ ఇంట్లో పశువులున్నాయని డాక్టరుగారికి చెప్పండి.

చిన్నప్పుడు కీళ్ళవాతం వచ్చి గుండె కవాటాలు దెబ్బతిన్నవారికి, కవాటం మార్పించుకున్నవారికి వారం దాటిన జ్వరం, రాత్రి చెమటలు ఉంటే ఆలస్యం చేయకూడదు. గుండె లోపల ఇన్ఫెక్షన్ కావచ్చు. రక్తపరీక్షకు ముందే మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ వేసుకుంటే క్రిమి దొరకదు.

హెచ్.ఐ.వి. ఉన్నా రాత్రి చెమటలు, జ్వరం, బరువు తగ్గడం ఉంటాయి. పరీక్ష రహస్యంగా, ఉచితంగా చేస్తారు. మందులు 2004 నుండి ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్నది.

ఇతర కారణాలు

థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తే బాగా తింటున్నా బరువు తగ్గుతారు. చేతులు వణుకుతాయి, గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఏ వేడీ ఓర్చుకోలేరు. థైరాయిడ్ తక్కువని మాత్ర వాడేవారికి మోతాదు ఎక్కువైనా ఇలాగే ఉంటుంది.

మందుల్లో డిప్రెషన్‌కు వాడే కొన్ని, రొమ్ము కేన్సర్‌కు వాడే టామోక్సిఫెన్, స్టెరాయిడ్లు చెమటలు పట్టించవచ్చు. పారాసిటమాల్ వేసుకున్నాక జ్వరం దిగుతూ చెమట పట్టడం మామూలే. చెమట పడుతున్నదని ఏ మందునూ మీ అంతట మీరు ఆపకండి. ముఖ్యంగా డిప్రెషన్ మందులు, స్టెరాయిడ్లు ఉన్నట్టుండి ఆపితే ప్రమాదం.

రోజూ తాగేవారు ఒక్కసారిగా మానితే ఒకటి రెండు రోజుల్లో చెమట, వణుకు, ఫిట్స్ కూడా రావచ్చు. మానడం మంచిదే, వైద్యుల పర్యవేక్షణలో మానాలి. పెద్దగా గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్లయి ఉలిక్కిపడి లేచేవారికి, మనసులో భయం, ఆందోళన ఉన్నవారికి కూడా రాత్రిళ్ళు చెమటలు పడతాయి.

మెడలో, చంకలో, గజ్జల్లో నొప్పి లేని బిళ్ళలు కట్టి, పెరుగుతూ ఉంటే, దానితో జ్వరం, బట్టలు పిండేటంత చెమట, ఆరు నెలల్లో పదోవంతు బరువు తగ్గడం ఉంటే లింఫు గ్రంథుల కేన్సర్ కూడా ఆలోచించాలి. క్షయ బిళ్ళలు కూడా ఇలాగే ఉంటాయి. బిళ్ళలోనుండి సూదితోగాని, చిన్న ముక్క తీసిగాని పరీక్ష చేస్తేనే తేడా తెలుస్తుంది. పసరు కట్లు కట్టి, వాతలు పెట్టించి కాలం వృథా చేయకండి.

పిల్లల విషయంలో

పిల్లలకు గాఢనిద్రలో తల తడిసేలా చెమట పట్టడం చాలా వరకు మామూలే. బాగా ఆడుకుంటూ, బరువు పెరుగుతూ ఉంటే దుప్పటి తగ్గిస్తే చాలు. బరువు పెరగకపోవడం, వదలని దగ్గు, జ్వరం ఉంటే, ఇంట్లో ఎవరికైనా క్షయ ఉంటే తీసుకురండి. పాలు తాగేటప్పుడు నుదుట చెమటపట్టి, ఆయాసపడి, మధ్యమధ్య ఆగిపోయే పసిబిడ్డకు గుండె పరీక్ష అవసరం.

ఆస్పత్రికి వచ్చేముందు

ఒక వారం రోజులు పిల్లల పాత నోటుబుక్కులో ఈ సంగతులు రాసి తీసుకురండి. చదువు రానివారికి ఇంట్లో పిల్లలచేత రాయించండి.

1. ఏ రాత్రి, ఎన్ని గంటలకు చెమట పట్టింది? బట్టలు మార్చుకోవలసి వచ్చిందా?
2. సాయంత్రం, చెమట పట్టినప్పుడు థర్మామీటరులో ఎంత ఉంది?
3. దగ్గు ఎన్నాళ్ళనుండి? కళ్ళె పడుతున్నదా?
4. బరువు ఎంత? ఒకే కాటా మీద వారానికి ఒకసారి చూసుకోండి.
5. షుగరు ఉన్నవారు చెమట పట్టిన వేళ చక్కెర ఎంత ఉంది?
6. స్త్రీలు చివరి నెలసరి ఎప్పుడు?

మీరు వాడే మాత్రలన్నీ, ఆయుర్వేదం, హోమియో, నాటుమందులతో సహా, ఒక సంచిలో వేసుకుని రండి. "తెల్ల బిళ్ళ, పొద్దున ఒకటి" అంటే మాకు తెలియదు. ఈ నోటుబుక్కు వల్ల సగం పరీక్షల ఖర్చు తగ్గవచ్చు.

ఈలోగా రాత్రి పక్కన ఒక చెంబు మంచినీళ్ళు, పొడి తువాలు, మార్చుకోవడానికి ఒక నూలు జత పెట్టుకోండి. తడిసిన బట్టలతోనే పడుకోవద్దు. పొద్దున స్నానం చేసి, చంకలు, రొమ్ముల కింద, గజ్జలు పొడిగా తుడుచుకోండి, లేకపోతే తామర పడుతుంది. దుప్పటి, దిండు గలీబు ఎండలో వేయండి. సాయంత్రం తరువాత కాఫీ, టీ మానండి. చుట్ట, బీడీ, మద్యం పూర్తిగా మానితే ఇంకా మంచిది.

ఆగకుండా రావలసిన సందర్భాలు

అర్ధరాత్రి ఛాతీ నొప్పి లేక బరువు, ఎడమచేతికి గాని దవడకు గాని లాగడం, ఆయాసంతో చల్లని చెమట పడితే గ్యాసు అనుకోకుండా వెంటనే 108 పిలవండి. షుగరు రోగులకు నొప్పి లేకుండా చెమట, ఆయాసంతోనే గుండెపోటు రావచ్చు. షుగరు రోగి చెమటతో తికమకపడుతుంటే పంచదార నీళ్ళు, తరువాత ఆస్పత్రి. బాలింతకు జ్వరం, కళ్ళెలో రక్తం, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, ఇవి కూడా తెల్లవారేదాకా ఆగేవి కావు.

రెండు వారాలు దాటిన దగ్గు, తెలియకుండా తగ్గిన బరువు, పెరుగుతున్న బిళ్ళ, మూడు వారాలుగా బట్టలు మార్చుకోవలసినంత చెమట, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ వారంలోనే రండి. వచ్చినప్పుడు చెమటల సంగతి చివర లేచేటప్పుడు కాదు, కూర్చోగానే మొదటి మాటగా చెప్పండి. మీ ఇంట్లోగాని, మీ వీధిలోగాని దగ్గుతూ, చిక్కిపోతూ, ఎవరికీ చెప్పుకోలేక ఉన్నవారు ఉంటే వారికి ఈ పేజీ చదివి వినిపించండి. ఒంటరిగా రావడానికి జంకితే మీరు తోడుగా రండి.